మునెమ్మ క్యాను

నేను పదవీ విరమణ చేయడానికి మూడేళ్ళ ముందు, జులై మొదటి వారంలో, మా విశ్వవిద్యాలయంలోని ఆహార పోషణ విభాగానికి ఒక పరిశోధన ప్రాజెక్టు మంజూరైంది. తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో మనుషులు రోజుకు ఎంత ఉప్పు తింటున్నారు, దానికీ రక్తపోటుకూ సంబంధం ఎలా ఉంది అన్నది విషయం. నేను ప్రధాన పరిశోధకురాలిని, అంటే సంతకాలు పెట్టే మనిషిని. ఊళ్ళు తిరిగి పని చేసేది కవిత అనే పరిశోధక విద్యార్థిని. ఆమె పిహెచ్.డి. గ్రంథం మొత్తం ఈ ప్రాజెక్టు మీదే ఆధారపడి ఉంది. ఫెలోషిప్ గడువు మార్చితో ముగుస్తుంది. అప్పటికే ఒకసారి పొడిగించారు, రెండోసారి పొడిగించే నిబంధన లేదు. మార్చిలోగా గ్రంథం సమర్పించలేకపోతే ఆమె పలమనేరు దగ్గర తన ఊరికి వెళ్ళి, ఇన్నేళ్ళు తిరుపతిలో ఏం చేశావని అడిగేవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి.

నా భర్త పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయనకు రక్తపోటు ఉండేది. ఉప్పు తగ్గించమని చెప్పడం నా వృత్తి, వినకపోవడం ఆయన అలవాటు. ఆ విషయం ఇక్కడ ఇంతకన్నా రాయను. ప్రాజెక్టు ప్రతిపాదన ఎందుకు రాశానని అడిగేవాళ్ళ కోసం ఈ మాత్రం చెప్పాను.

ఎంత ఉప్పు తింటున్నారని అడిగితే ఎవరూ చెప్పలేరు. మా ప్రాంతంలో ఉప్పు వేసేది చెయ్యి, కొలిచేది నాలుక. సంగటిలో కొంత, ఊరిబిండి అనే రోటి పచ్చడిలో కొంత, ఊరగాయలో, ఎండుచేపల్లో, అప్పడాల్లో మరికొంత వెళుతుంది. అందుకే ఈ రంగంలో అందరూ నమ్మే పద్ధతి ఒకటుంది. ఒక మనిషి ఒక పగలూ ఒక రాత్రీ పోసిన మూత్రం మొత్తం సేకరించి, అందులో సోడియం ఎంత ఉందో ప్రయోగశాలలో చూస్తారు. తిన్న ఉప్పులో అధిక భాగం ఆ దారినే బయటికి వస్తుంది. పొద్దున లేచాక మొదటిసారి పోసింది వదిలెయ్యాలి. అప్పటినుంచి మర్నాడు పొద్దున మొదటిసారి పోసేదాకా, దాన్ని కూడా కలిపి, ఒక్క చుక్క పోనివ్వకుండా క్యానులో పట్టాలి. మేం ఇచ్చినవి మూతలున్న ఐదు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు. మర్నాడు మా బృందం వెళ్ళి పరిమాణం కొలిచి, బాగా కలిపి, చిన్న సీసాలో నమూనా తీసుకుని, మంచు పెట్టెలో తిరుపతికి తెస్తుంది.

ఊళ్ళో అందరి దగ్గరా సేకరించడం సాధ్యం కాదు కాబట్టి కొన్ని ఇళ్ళనే ఎంచుకుంటాం. ఊరి మొదట ఒక ఇంటితో మొదలుపెట్టి, ప్రతి ఐదో ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని తీసుకోవడం మా పద్ధతి. ఇష్టాయిష్టాలకు తావు లేకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. పుస్తకాల్లో దీని గురించి చాలా పేజీలు ఉంటాయి. వదిలేసిన నాలుగు ఇళ్ళ గురించి ఒక్క పేజీ కూడా ఉండదు.

పుత్తూరుకు కొంత దూరంలో ఉన్న ఒక పల్లెతో మొదలుపెట్టాం. ఊరి పేరు రాయను. పాడి మీద బతికే ఊరు. పొద్దునా సాయంత్రం అందరూ పాల కేంద్రం దగ్గర కలుస్తారు. మూత్రం అడగడమంటే మొహమాటమైన పని కాబట్టి స్థానిక మర్యాదలు పాటించండి అని మాత్రం నేను కవితకు చెప్పాను. కవిత పద్ధతైన పిల్ల. ఒక కుంకుమ భరిణె, తమలపాకులు, వక్కలు తీసుకుని, ఎంపికైన ఇళ్ళకు వెళ్ళి, ఇల్లాలికి బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి, ఆ తర్వాత క్యాను ఇచ్చింది. ఎవరూ కాదనలేదు. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసి, "మేడమ్, ఒక్క తిరస్కరణ కూడా లేదు" అంది. నేను సంతోషించాను.

మర్నాడు ఇంకా సంతోషించాం. వేరే చోట్ల ఈ పని చేసినవాళ్ళు క్యాన్లు సగానికి కూడా రావని బాధపడుతుంటారు. మనిషి పొలానికి పోతాడు, సంతకు పోతాడు, అక్కడ పోసింది అక్కడే పోతుంది. మా ఊళ్ళో క్యాన్లు మూతల దాకా నిండి వచ్చాయి. కొందరు చాలక సొంత బిందెల్లో పట్టి తెచ్చారు. మునెమ్మ అనే ముసలామె క్యాను ఎత్తలేక ఇద్దరు మోసుకొచ్చారట. ఎండాకాలం పోయినా వేడి తగ్గలేదని, మజ్జిగ బాగా తాగుతున్నారని కవిత తన నివేదికలో రాసింది. ఎండకు చెమట పడితే మూత్రం తగ్గాలి కదా అని ఎవరికైనా తోచాలి. కానీ సహకారం ఇంత బాగుందని సంబరపడే బృందాలకు అలాంటివి తోచవు.

తోచింది మస్తాన్‌కు. ఆయన మా ప్రయోగశాల సాంకేతిక నిపుణుడు. మితభాషి. అంటే నాతో. మిగతావాళ్ళతో బాగానే మాట్లాడతాడని విన్నాను. వారం తర్వాత ఫలితాల కాగితం పట్టుకుని నా గదికి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఈ మునెమ్మగారు పహిల్వానా?"

కాదు, బాగా బక్కపలచని ముసలామె అని అక్కడే ఉన్న కవిత చెప్పింది.

"అదే, మీరు రాసిన బరువు చూసినా. ఇది చూస్తే అట్ల లేదు. కుస్తీ పట్టేవాళ్ళు నలుగురైదుగురు ఒకే చీరలో ఉన్నట్టుంది."

ఆయన చూపించింది క్రియాటినిన్ విలువ. కండరాలు రోజూ ఒక స్థిరమైన మోతాదులో ఈ పదార్థాన్ని తయారుచేస్తాయి, అది మూత్రంలో బయటికి పోతుంది. మనిషి శరీరాన్ని బట్టి అది ఎంత ఉండాలో ముందే చెప్పవచ్చు. తక్కువ వస్తే కొంత మూత్రం క్యానులో పడలేదని అర్థం. ఎక్కువ వస్తే ఎక్కువ గంటలు పట్టారని అర్థం. మరీ ఎక్కువ వస్తే ఏమని అర్థమో మా నియమావళిలో రాయలేదు, ఎందుకంటే అలా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు. ఒక్క మునెమ్మదే కాదు, ఆ ఊరి నమూనాలన్నీ అలాగే ఉన్నాయి.

"పశువులది కలిపినారేమో?" అంది కవిత, ఏడుపు గొంతుతో.

"కాదమ్మా, మనుషులదే," అన్నాడు మస్తాన్. "చానామంది మనుషులది."

మర్నాడు నేనూ కవితా పుత్తూరుకు బస్సులోనూ, అక్కడినుంచి ఆటోలోనూ వెళ్ళాం. ఆటో దిగేసరికి పాలు పోసే వేళైంది. కేంద్రం వరండాలో ఆడవాళ్ళు క్యాన్లు పట్టుకుని వరసలో ఉన్నారు. కవిత మునెమ్మను పట్టుకుని, అవ్వా, నిజం చెప్పు, ఆ క్యానులో ఎవరెవరు పోశారు అని అడిగింది. మునెమ్మ దాచాలని ప్రయత్నించలేదు.

"అందురూ పోసినారు గదమ్మా. మా ఇంటి పక్కనోళ్ళు, ఎదురింటోళ్ళు, మా ఆయన తమ్ముడు, వాళ్ళ కోడలు. క్యాను పెద్దదే గదా!"

"నీ ఒక్కదానిదే పట్టమని చెప్పాను కదా అవ్వా!"

"సెప్పినావు. నువ్వు సెప్పి యెల్లిపోతివి. ఈడ ఉండాల్సింది నేను గదా!"

అసలు సంగతి కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. ఆ ఊళ్ళో ఒక వీధిలోకి బొట్టు పెట్టి పిలవడానికి వస్తే ప్రతి ఇంటికీ పిలుపు ఉండాలి. ఒక ఇంట్లో పెట్టి, పక్కింటిని దాటి పోవడం జరగదు. జరిగితే దాటిన ఇంటికీ పిలుపు అందిన ఇంటికీ మధ్య మాటలుండవు. కవిత వెళ్ళిపోయిన గంటలోపే వీధిలో గొడవ మొదలైంది. మునెమ్మ మనవరాలికి ఆ వారంలోనే చెవులు కుట్టించే వేడుక ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆమె గుమ్మం ముందు నిలబడి, ఉచ్చకి పిలుపు లేనోళ్ళం, సెవులు కుట్టేదానికి మాత్రం ఏ మొగం పెట్టుకోని వస్తాం అన్నారట. మునెమ్మ భయపడింది. వచ్చి మీరూ పోయండి, ఒకరు జాస్తీ ఒకరు కమ్మీ లేదు అని క్యాను బయట పెట్టింది. సంగతి తెలిసి మిగతా వీధుల్లోనూ క్యాన్లున్నవాళ్ళు అదే పని చేశారు. చెవులు కుట్టే వేడుక బాగా జరిగిందట.

"ఎట్లయినా ఊరి ఉప్పు కొలిసేదానికి వచ్చినారు మీరు," అన్నాడు పాల కేంద్రం కార్యదర్శి రాజేంద్ర, మాకు కుర్చీలు వేయిస్తూ. "ఈడ అందరి పాలూ ఒకే క్యాన్లో పోస్తాం. మాకు దాంట్లో తప్పేం కనపడలేదు మేడమ్."

వరసలో ఆఖరున నిలబడిన ఒకామె ఇదంతా వింటూ ఉంది. పొడవైన మనిషి. ఆమె పేరు చెంగమ్మ, పొదుపు సంఘం లీడరు. ఆమె మాట లేనిదే ఆ ఊరి ఆడవాళ్ళు ఏ పనికీ కదలరని రాజేంద్ర నా చెవిలో చెప్పాడు.

"నేను మాత్రం పొయ్యలేదు," అంది చెంగమ్మ. "పిలవకుండా యాడికీ పోయేదాన్ని కాదు నేను."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఇంటి స్థలాలకి తాసిల్దారు మా ముందరనే పేర్లు రాసి, బిందెలో ఏసి సీటీలు తీసినాడు. పేరు రానోళ్ళు నోరు మూసుకోని పోయినారు. ఉచ్చకి మాత్రం మీరు తిరపతిలో కూసోని లెక్క ఏసుకోని వస్తారు. ఈ అమ్మణ్ణి మా పక్కింటికి బొట్టు పెట్టింది, మా ఇంటి ముందర తల గూడా తిప్పలేదు. మొగుడు లేనిదాని ఇల్లని దాటుకోని పోయింది."

కవిత ముఖం పాలిపోయింది. ఐదో ఇల్లు కాలేదని, లెక్కలో రాలేదని, భర్త సంగతి తనకు తెలియనే తెలియదని చెప్పుకుంది.

"అవునులే. నీ లెక్కకి దాటేదానికి దొరికింది నేనే."

నేను కల్పించుకుని, నాకూ భర్త లేడని చెప్పాను. చెంగమ్మ నా ముఖం వైపు చూసింది. నేను విభాగానికి వెళ్ళేటప్పుడు పెట్టుకునే చిన్న నల్ల బొట్టు అప్పుడూ ఉంది.

"మరి బొట్టుండాదే?"

"నేనే పెట్టుకుంటాను."

"నువ్వే పెట్టుకోవచ్చునంటే, నాకు పెట్టేదానికి ఈ పాపకేం నొప్పి?"

కవిత సంచిలో కుంకుమ భరిణె ఉంది. ఆమె దాని కోసం చెయ్యి పెట్టబోయింది. చెంగమ్మ చూసి, "ఇప్పుడొద్దులే. అడిగి పెట్టించుకునేదాన్ని కాదు" అని, పాలు పోసి వెళ్ళిపోయింది.

ఆ ఊరి ఫలితాలు మొత్తం పారెయ్యాల్సిందే. మరో ఊరు చూసుకోమని సలహా ఇచ్చారు కొందరు. కానీ ఊళ్ళను ఎంచుకున్నదీ ఒక పద్ధతి ప్రకారమే. కష్టమైందని ఒక ఊరిని వదిలేస్తే, సులువైన ఊళ్ళ ఉప్పు మాత్రమే కొలిచినట్టవుతుంది. పైగా కొత్త ఊరికి అనుమతులు మళ్ళీ మొదటినుంచి తీసుకోవాలి. అవి వచ్చేసరికి మార్చి దాటిపోతుంది. అదే ఊళ్ళో మళ్ళీ సేకరించడం ఒక్కటే దారి. దానికి చెంగమ్మ కదలాలి.

నేను మా గణాంకశాస్త్ర సహోద్యోగిని ఒకే ఒక ప్రశ్న అడిగాను. ఇంటి నంబర్లు చీటీల మీద రాసి బిందెలో వేసి తీస్తే అది చెల్లుతుందా? చీటీలన్నీ ఒకే కొలతలో ఉండి, ఒకేలా మడిచి, బాగా కలిపితే మీ ఐదో ఇంటి పద్ధతి కన్నా నయమే అన్నాడాయన. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగితే, ఎవరూ బిందె ప్రస్తావన తేలేదన్నాడు. ఎథిక్స్ కమిటీకి, అంటే మనుషుల మీద చేసే పరిశోధనల మంచిచెడ్డలు చూసే సంఘానికి, పద్ధతి మారుస్తున్నామని రాశాం. మరో మార్పు కూడా రాశాం: క్యాను ఎంపికైన ఇంటికే, రక్తపోటు పరీక్ష మాత్రం ఊళ్ళో ఇష్టపడిన పెద్దవాళ్ళందరికీ. సభ్యుల్లో ఒకాయన దీనివల్ల పరిశోధనకు ఏం లాభమని అడిగారు. పరిశోధనకు లాభం లేదు, ఇది ఉంటేనే పరిశోధన జరుగుతుంది అన్నాను.

రెండోసారి ఊరికి వెళ్ళినప్పుడు కవిత ఒక్క గడప కూడా వదల్లేదు. నేనూ వెంట నడిచాను. చాలా ఇళ్ళలో అదే ప్రశ్న వేశారు. మళ్ళీ క్యాన్లేనా? కాదు, ముందు చీటీలు, ఎల్లుండి సాయంత్రం పాల కేంద్రం దగ్గర, అందరూ రావాలి అని కవిత చెప్పింది. మునెమ్మ, ఈసారి తన ఇంటికి చీటీ రాకుండా చూడమని బతిమాలింది. ఒకాయన, పేరు వస్తే వాయిదాల్లో పొయ్యవచ్చా అని అడిగాడు.

చెంగమ్మ ఇంటి ముందు కవిత చెప్పులు విప్పింది. చెంగమ్మ బయటికి వచ్చి నిలబడింది. కవిత బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చింది. చెంగమ్మ పెట్టించుకుని, తాంబూలం కొంగున కట్టుకుంది.

"సరే. ఎన్ని గంటలకి రావల్ల?"

అంతే. మేం పక్కింటికి వెళ్ళాం.

చెప్పిన రోజు సాయంత్రం పాలు పోయడం ముగిశాక స్టీలు బిందె తెచ్చారు. చీటీలు మడిచింది రాజేంద్ర. మడత సమంగా లేదని చెంగమ్మ కొన్నిటిని వెనక్కి ఇచ్చింది. తియ్యడానికి రాజేంద్రే ముందుకొచ్చాడు. చెంగమ్మ తువ్వాలు తెప్పించి అతని కళ్ళకు గంతలు కట్టింది.

"ఎందుకక్కా? నేనేం మోసం జేస్తానా?"

"మీ అత్తగారింటి సీటీ వాసన బట్టయినా నీకు తెలిసిపోతాది. తియ్యప్పా!"

ఒక్కో నంబరు చదువుతుంటే ఎవరి ఇల్లో వాళ్ళకన్నా ముందు పక్కవాళ్ళు అరిచారు. పేరొచ్చినవాళ్ళు లేచి నిలబడి క్యాను తీసుకున్నారు. మునెమ్మ ఇల్లు మళ్ళీ వచ్చింది. ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అందరూ ఈల వేసినంత పని చేశారు. చీటీలు అయిపోయేదాకా నేను చెంగమ్మనే చూస్తున్నాను. కవిత కూడా చూస్తోంది. ఆ ఇంటి నంబరు రాలేదు.

చెంగమ్మ బిందె బోర్లించి దులిపి, లోపల ఏ చీటీ అతుక్కుని లేదని చూసుకుంది.

"పోతే పోనీ," అంది. "ఈసారి నన్నెవురూ దాటుకోలేదు. సీటీనే రాలేదు."

తర్వాత మా పని ఆమె చేసింది. మునెమ్మ ఇంటి వాకిట్లో మంచం వేసుకుని కూర్చుని, పొద్దున మొదటిది పారబోయించింది. చుట్టుపక్కలవాళ్ళు పలకరించడానికి వచ్చినా, క్యాను వైపు పోవద్దని కేకలేసింది. మునెమ్మ పొలానికి పోతే క్యాను వెంట పంపింది. నియమావళిలో మేం పర్యవేక్షకులని రాసుకునే మాటకు అర్థం నేను అక్కడే చూశాను.

ఈసారి క్యాన్లు మూతల దాకా రాలేదు. కవిత వాటిని చూసి ఎంతో ఊరట చెందింది. వారం తర్వాత మస్తాన్ కాగితం పట్టుకుని వచ్చాడు.

"మేడమ్, ఈసారి మునెమ్మగారు ఒక్కరే వచ్చినారు."

రక్తపోటు పరీక్షలో, చీటీ రాని చెంగమ్మకు రక్తపోటు బాగా ఎక్కువగా ఉందని తేలింది. ఆమెకు ఆ సంగతి అంతకుముందు తెలియదు. మా పాత పద్ధతిలో అయితే ఆమె ఇంటికి మేం వెళ్ళే వాళ్ళమే కాదు. పుత్తూరు ఆసుపత్రికి చీటీ రాసి పంపాం. మాత్రలు వేసుకుంటున్నావా అని కవిత ఒకసారి ఫోన్‌లో అడిగితే, ఇంటికొచ్చి అడిగితే చెప్తానందట. కవిత వెళ్ళింది. వేసుకుంటోందట. ఉప్పు మాత్రం తగ్గించలేదట. మునెమ్మ కన్నా తను ఎక్కువ తింటోందా తక్కువ తింటోందా తెలిస్తే ఆలోచిస్తానందట. ఒకరి ఫలితం మరొకరికి చెప్పే వీలు లేదని కవిత చెబితే, "అట్లయితే మీరు కొలిసి ఏం లాభం" అందట.

కవిత మార్చి ఆఖరి వారంలో గ్రంథం సమర్పించింది. మౌఖిక పరీక్షలో బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు, ఈ ఒక్క ఊళ్ళో మూత్ర సేకరణ ఇంత సంపూర్ణంగా ఎలా సాధ్యమైందని అడిగారు. స్థానిక నాయకత్వ సహకారం అని కవిత చెప్పింది. ఆయన సంతృప్తి చెందారు. గ్రంథంలో పద్ధతుల అధ్యాయంలో ఒక వాక్యం ఉంది: సామాజిక కారణాల వల్ల ఒక గ్రామంలో నమూనా ఎంపిక రెండోసారి జరిపాం. మునెమ్మ మనవరాలి చెవుల ప్రస్తావన అందులో లేదు.

ఈ సంఘటన తర్వాత మా విభాగం క్షేత్ర నియమావళిలో ఒక అంశం చేర్చాను. నమూనా ఎంపిక ఊరివాళ్ళ కళ్ళ ముందు జరగాలి. మనం పక్షపాతం లేకుండా ఎంచుకుంటే చాలదు, పక్షపాతం లేదని వదిలేసినవాళ్ళకు కూడా కనబడాలి. ఎంపిక కాని ఇంటి గుమ్మం దగ్గర కూడా ఆగి, చెప్పులు విప్పి, విషయం చెప్పి రావాలి. దీనికి ఒక్కో ఊళ్ళో ఒక పూట ఎక్కువ పడుతుంది. ఆ పూటను పని ప్రణాళికలో ముందే రాసుకోవాలి.